సరోజనత్త పేరు చెప్పి

దసరా దగ్గర పడితే జగదల్‌పూర్‌లో మా కింది వాటా వాళ్ళు ఇంట్లోని ఇత్తడి సామానంతా పెరట్లో పోసుకుని తోముతారు. ఈ ఉదయం కూడా అదే పని పెట్టుకున్నారు. నానిన చింతపండు పిప్పి ఇత్తడికి తగిలితే ఒక వాసన వస్తుంది. పుల్లగా, కొంచెం చిలుముతో కలిసి, పళ్ళు జివ్వుమనిపించే వాసన. నేను పైన కిటికీ పక్కన కంప్యూటర్ ముందు కూర్చుని, నా వెబ్‌సైట్‌లో ఉన్న లంకెలను ఒక్కొక్కటే నొక్కి, అవి చేరాల్సిన చోటికి చేరుతున్నాయో లేదో చూస్తున్నాను. నెల మొదట్లో నాకిది ఇల్లు ఊడ్చుకోవడం లాంటి పని. ఆ వాసన పైకి రాగానే చెయ్యి ఆగిపోయింది. నేను పుట్టి పెరిగిన భోపాల్‌పట్నంలో మా పక్కిల్లు, ఆ ఇంటి ముందు గదిలో గిన్నెల దుకాణం, గల్లా వెనుక ఎత్తు పీట మీద కూర్చుని నా వైపు కళ్ళద్దాల పైనుంచి చూసే సరోజనత్త, అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. లంకెలు ఎక్కడికీ పోవు కదా, ముందు ఆమె గురించి నాలుగు మాటలు రాసుకుందామనిపించింది.

సరోజనత్త మాకు చుట్టం కాదు. గోడలు కలిశాయి కాబట్టి అత్త అయింది. ఆమె భర్త ధాన్యం వ్యాపారం చూసుకుంటూ ఊళ్ళు తిరిగేవాడు, దుకాణం మొత్తం అత్తదే. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరి దాకా వినిపించేది. అంగడి రోజున దుకాణంలో అడుగు పెడితే చెవులకు పండగే. దొర్లీ మాట్లాడే ఆడవాళ్ళతో దొర్లీలో, గోండులతో గోండీలో, సర్కారు ఉద్యోగులతో హిందీలో, మాలాంటి వాళ్ళతో తెలుగులో, ఒక్క గిన్నె చేతిలో పట్టుకుని నాలుగు భాషల్లో బేరమాడేది. మధ్యలో ఎవరికి ఏ భాషలో చెబుతున్నదో మరిచిపోయి తహసీలాఫీసు గుమాస్తాకు దొర్లీలో ధర చెప్పేది. ఆయన బిత్తరపోయి చూస్తే తనే ముందు నవ్వేది. చదువు అయిపోయి ఉద్యోగం రాక నేను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజుల్లో, “ఆడ కూసొని ఏం జేస్తవే వాణీ, ఈడికొచ్చి కూసో” అని పిలిచి దుకాణంలో కూర్చోబెట్టింది. అలా ఆమె నాకు అత్త నుంచి యజమాని అయింది, పిలుపు మాత్రం మారలేదు.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. మావాళ్ళు దాన్ని పంపుడు అంటారు. అడిగిన వస్తువు మన దగ్గర లేకపోతే, ఉన్న దుకాణానికి మనిషిని పంపాలి. అక్కడ ఫలానావాళ్ళు పంపారని చెబితే, ఆ దుకాణదారు పంపినవాళ్ళకు ఏదో కొంత ఇస్తాడు. ఊళ్ళో అందరూ చేసేదే. కానీ సరోజనత్త చేసే తీరు వేరు. ఒకరోజు తాళ్ళగూడెం వైపు నుంచి ఒక రైతు కూతురి పెళ్ళికి వంట డేగిసా కోసం వచ్చాడు. అంత పెద్దది మా దగ్గర లేదు. అత్త ఆయనను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, “నా దగ్గర లేదు అన్నా. బస్టాండు కాడ ముత్తయ్య హోటల్ ఉన్నది. ఆడికి పోయి సరోజన పంపిందని చెప్పు. ఏ దుకాన్ల మంచిది ఉన్నదో ఆయన చూపెడ్తడు. నువ్వు కొంటే నాకు గుడ కొంత ముడ్తది, అది యాదికుంచుకో. బేరం గట్టిగ చెయ్యి, నా మొఖం చూసి మెత్తబడకు” అంది. ఆయన నవ్వుకుంటూ వెళ్ళాడు.

నాకు కడుపులో మాట ఆగదు. “నీకు ముడ్తదని చెప్పుడు దేనికత్తా? చెప్పకపోతే ఆయనకెట్ల తెలుస్తది?” అని అడిగేశాను. “తెలువదు. తెలిసిననాడు నా మొఖం ఏడ పెట్టుకోవాలె?” అంది, అప్పటికే ఇంకో గిన్నె తీసి దుమ్ము తుడుస్తూ. “సరే, నేరుగ ఆ దుకాన్‌కే పొమ్మనొచ్చు గద, నడుమ ముత్తయ్య ఎందుకు?” అన్నాను. ఆమె నన్ను కొంచెం జాలిగా చూసింది. “ఈ మాట ఆయన ఊరికి తీసుకపోతడు. ఊర్ల పది మందికి చెప్తడు. వాళ్ళు ఎప్పుడొస్తరో, అప్పటికి ఆ దుకాన్ల ఆ సామాన్ ఉంటదో ఉండదో. ఊర్లకు పోయిన మాటను నేను తిప్పుకొస్తనా? ముత్తయ్యకైతే పొద్దుగాల చాయ్ తాగుకుంట చెప్పొచ్చు, ఇయ్యాల ఫలాన దుకాన్‌కు పంపమని.” నిజంగానే రోజూ పొద్దున్నే ముత్తయ్య దగ్గర చాయ్ తాగి, ఏ దుకాణంలో ఏం సరుకు దిగిందో కళ్ళతో చూసి, ఆయన చెవిన వేసి వచ్చేది. అప్పట్లో నాకది చాయ్ తాగడానికి దొరికిన సాకులాగే కనిపించింది.

దుకాణంలో కూర్చుని విన్నవన్నీ రాయాలని నాకు బుద్ధి పుట్టింది. ఏ గిన్నెకు అడుగు మందంగా ఉండాలి, కొత్త ఇనుప పెనానికి నూనె పట్టించి ఎలా వాడకానికి తెచ్చుకోవాలి, కళాయి పోయిన ఇత్తడి పాత్రలో పులుసు ఎందుకు కాచకూడదు, ఇవన్నీ అత్త నోట రోజూ దొర్లేవి. సొంతంగా ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టుకుని తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఒక వస్తువు గురించి రాసి, అది దొరికే ఆన్‌లైన్ దుకాణానికి లంకె పెడితే, చదివినవాళ్ళు దాన్ని నొక్కి కొన్నప్పుడు రాసినవాళ్ళకు కొంత వస్తుంది. అఫిలియేట్ లింకులు అంటారు. అత్తకు వివరించడానికి ఎంతో తంటాలు పడాలనుకుని, “లంకెలు పెడుతున్న అత్తా” అని మొదలుపెట్టాను. “లంకె బిందెలా? ఏడ దొరికినయే? మెల్లగ చెప్పు, పోలీసోళ్ళు వింటరు” అంది. పాతిపెట్టిన నిధి కాదు, ఫోన్లో ఒక మాట మీద వేలు పెడితే దుకాణానికి తీసుకుపోయేదని చెప్పాను. రెండు నిమిషాలు విని, “ఓసి, మన పంపుడే గద, ఇంత ఆగమాగం చేస్తివి” అని తేల్చేసింది.

సైటుకు పేరు కావాలి. సరోజనత్త గిన్నెలు అని పెట్టుకుంటానన్నాను, ఎందుకంటే అందులో ఉన్న ప్రతి మాటా ఆమెదే. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. మూత పెట్టిన డబ్బాలను పరిమాణం ప్రకారం పేర్చడం పూర్తి చేసింది. తర్వాత అంది: “పెట్టుకో. కానీ ఒక్కటి. ఈ దుకాన్ల ఉన్న సామాన్ అంత పోయినా నేను మళ్ళ తెచ్చుకుంట. నా పేరు జెప్పి పోయినోడు ఒట్టి చేతులతోటి తిరిగొస్తే, మోసపోయి తిరిగొస్తే, అది మళ్ళ తెచ్చుకోరాదు. చెయ్యగలుగుతవా?” చేయగలనన్నాను. ఆ వయసులో ఏమడిగినా చేయగలననే అంటాం కదా.

రాసినవి ఆమెకు చదివి వినిపించడం అలవాటైంది. మధ్యాహ్నం బజారు పల్చబడ్డాక, ఆమె పాన్ కట్టుకుంటుంటే నేను ఫోన్ చూసి చదివేదాన్ని. పెనం మీద రాసినదాంట్లో ప్రతి రెండు వాక్యాలకూ ఒక లంకె పెట్టాను, ఎన్ని పెడితే అంత మంచిదని ఎక్కడో విన్నాను మరి. లంకె వచ్చినచోటల్లా చదువుతూ “ఇక్కడ కొనండి” అంటున్నాను. అత్త చెయ్యెత్తి ఆపింది. “ఏందే ఇది? మనిషి ఇంకా చెప్పులిప్పలె, కూసోలె, నీళ్ళు తాగలె, అప్పుడే పో పో అంటున్నవు. గిట్లనే మన దుకాన్ల చేస్తే ఎవడన్న మళ్ళొస్తడా?” నాకు నవ్వాగలేదు. ఆ రోజే సగానికి పైగా లంకెలు పీకేశాను. విషయమంతా చెప్పాక, చదివినవాళ్ళకు అవసరం ఉందో లేదో తేలాక, చివర ఒక్క లంకె. దాని పైన, అందరికీ కనపడే అక్షరాల్లో, మీరు కొంటే నాకు కొంత వస్తుందనే మాట. మొదట ఆ మాటను పుట అడుగున చీమ తలంత అక్షరాల్లో, సర్కారు నోటీసులా రాశాను. అత్త కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, “ఇది చెప్పినట్టు లేదు, దాచినట్టున్నది” అనేసరికి పైకి తెచ్చాను.

ఇక నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. లంకె మీద ఏ మాట ఉండాలనే ఆలోచన వచ్చింది. ఇక్కడ నొక్కండి, ఇప్పుడే కొనండి, ఇవన్నీ ఎవరో మెడ పట్టి తోస్తున్నట్టుంటాయి. దుకాణంలో అత్త మనిషిని పంపేటప్పుడు చెయ్యి చాపి ఎంత ముద్దుగా అంటుంది, ఆడ దొరుకుతది అని! ఆ మాటే పెడదామనుకున్నాను. బొత్తాం చిన్నది కదా, అంత మాట పట్టక, ప్రతి గిన్నె బొమ్మ కిందా ఎర్రటి బొత్తాం మీద ఒక్క ముక్క రాశాను: ఆడ. మా భోపాల్‌పట్నంలో పుట్టినవాళ్ళెవరికీ అందులో తప్పు కనిపించదు. ఆడ అంటే అక్కడ. నాకూ, అత్తకూ, మా నాన్నకూ అది చక్కగా ఉంది. వారం తిరక్కుండా కాకినాడ నుంచి ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. “అమ్మా, మీ రాతలు బాగుంటున్నాయి. ఇడ్లీ పాత్ర ఆడ, కుక్కరు ఆడ, చిల్లుల గరిటె కూడా ఆడ అని రాశారు. మగ గిన్నెలు కూడా ఉంటాయా? ఉంటే వాటికీ వీటికీ వంటలో తేడా ఏమిటి? మా ఇంట్లో వంట నేనే చేస్తాను కాబట్టి అడుగుతున్నాను.”

అది చదివి వినిపించినప్పుడు అత్త నవ్విన నవ్వుకు పక్క దుకాణాలవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుంటూ, “మొగ గిన్నెలు పొద్దుగాలనే ముత్తయ్య హోటల్‌కు పోయినయి, చాయ్ తాగి వస్తయని రాయి” అంది. నేను అలాగే రాశాను, తర్వాత అసలు సంగతీ రాశాను. ఆయన ఇప్పటికీ నా పాఠకుడే. పండగకు శుభాకాంక్షలు పంపినప్పుడు, ఇట్లు మగ గిన్నె అని సంతకం చేస్తారు.

ఆ నవ్వు తెచ్చిన పని మాత్రం చిన్నది కాదు. బొత్తాం మీది మాట మార్చాలంటే ఒక్కో రాతను తెరిచి ఒక్కో చోట మార్చాలి. ఎక్కడ పెట్టిన లంకెను అక్కడే అతికించుకుంటూ పోయాను కదా, ఏది ఎక్కడుందో నాకే తెలియదు. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. కొన్ని నొక్కితే ఖాళీ పేజీ వస్తోంది. ఇనుప పెనానికి పెట్టింది పిల్లల బొమ్మల దగ్గర తేలింది. అదే రోజుల్లో వరంగల్ నుంచి శారద అనే ఆమె ఉత్తరం వచ్చింది. నేనూ అత్తా దుకాణంలో కూర్చుని కలిసే చదివాం. “సరోజనత్త మందం అడుగున్న స్టీలు ఇడ్లీ పాత్ర కొనమన్నదని నొక్కి, వచ్చినదాన్ని కొన్నాను. తీరా చూస్తే రేకులాంటి అల్యూమినియంది. రెండుసార్లకే అడుగు వంగింది. మీ అత్తగారు ఇలాంటిది చెప్పి ఉంటారనుకోలేదు.” ఆ ఆన్‌లైన్ దుకాణంవాళ్ళు పాత సరుకు తీసేసి అదే చిరునామాలో వేరేది పెట్టారన్నమాట. మా రాత మారలేదు, దారి మాత్రం వేరే గుమ్మానికి తిరిగింది.

అత్త ఫోన్ నా చేతికిచ్చేసింది. పీట దిగి, అల్మరా పై అరలోంచి మా దుకాణంలోని మందపాటి స్టీలు ఇడ్లీ పాత్ర ఒకటి తీసింది. వేలి కణుపుతో కొట్టి చూసింది, మూత తిప్పి చూసింది, పాత చీరముక్కలో చుట్టింది. “ఆమె నా పేరు నమ్మి పోయింది. ఇది వరంగల్ బస్సుల పంపుదాం, ఆమెను వచ్చి తీసుకొమ్మను” అంది. పైసలు అడగాలా అంటే తల అడ్డంగా ఊపింది. తర్వాత నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా చెప్పింది: “సైటు బంద్ పెట్టు వాణీ. అన్ని దార్లు మంచిగైనంక తెరువు. మంచిగ చెయ్యరాదంటే నా పేరు తీసెయ్, నీ పేరు పెట్టుకో. నేనేం అనుకోను.” అనుకోను అన్నదే గానీ, గిన్నె మూటకు ముడి వేస్తూ ఆ ముడిని మూడుసార్లు విప్పి కట్టింది. నాకు ఏడుపొచ్చింది. సైటు పోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. ఆ పేరు తీసేస్తే, ఆమె ఇన్నేళ్ళుగా అందరికీ ఇస్తున్న మాట నా చేతిలో విరిగినట్టే.

మర్నాడు ఉదయం మూట పట్టుకుని నేనూ అత్తా బస్టాండుకు వెళ్ళాం. బస్సు ఆలస్యం. ముత్తయ్య హోటల్ బల్ల మీద కూర్చున్నాం. ముత్తయ్య సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ భుజం మీద తువ్వాలుతో ఉండే మనిషి. నేను లోలోపల కుములుతూ, ఇన్ని లంకెలు ఎప్పటికప్పుడు ఎలా సరిచూసుకోవడమా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో ఒక ముసలామె వచ్చి, తన ఊళ్ళో ఎవరో చెప్పారని, సరోజన పంపిందని, నీళ్ళకు రాగి బిందె కావాలని అడిగింది. ముత్తయ్య కెటిల్ దించకుండానే, “మొన్నటిదాక ఆ మూల దుకాన్ల ఉండె అవ్వా, ఇప్పుడు లేవు. అగో, ఆ పచ్చ తలుపు దుకాన్‌కు పో” అన్నాడు. ఆమె అటు వెళ్ళింది. ఆమె ఊళ్ళోవాళ్ళకు ఆ మూల దుకాణం గురించీ తెలియదు, పచ్చ తలుపు గురించీ తెలియదు. వాళ్ళకు తెలిసింది ముత్తయ్య హోటల్ ఒక్కటే. నేను బల్ల మీంచి లేచి నిలబడ్డాను. “అత్తా, నాకు గుడ ఒక ముత్తయ్య కావాలె” అన్నాను. ముత్తయ్య కంగారుగా మా వైపు చూశాడు. అత్త చాయ్ గ్లాసు కింద పెట్టి, “ఈయనను ఇయ్యను, ఇంకోణ్ణి చూసుకో” అంది.

ఇంటికి వచ్చి నేను చేసింది చెప్పుకోవడానికి చాలా చిన్న పని. నా రాతల్లోంచి ఆన్‌లైన్ దుకాణాల చిరునామాలన్నీ తీసేశాను. వాటి బదులు ప్రతి వస్తువుకూ నా సైటులోనే ఒక సొంత చిరునామా ఇచ్చాను. ఇడ్లీ పాత్ర గురించి ఎన్ని చోట్ల రాసినా, అన్నీ ఆ ఒక్క చోటికే వస్తాయి. అక్కడి నుంచి ఈవేళ మంచి సరుకు ఏ దుకాణంలో ఉంటే అక్కడికి పంపుతుంది. దుకాణం మారితే ఆ ఒక్కచోట మారిస్తే చాలు, రాతలన్నీ వాటంతటవే సరైపోతాయి. మంచి సరుకు ఎక్కడా లేకపోతే, ప్రస్తుతం పంపడం లేదు అని చెప్పే చిన్న పేజీకి తీసుకుపోతుంది, వెళ్ళినవాళ్ళు బొమ్మల దుకాణంలో తేలరు. ఆ సొంత చిరునామాలన్నిటికీ మొదట్లో ఉమ్మడిగా ఒక పేరు పెట్టాలి. ఇంకేం పేరు పెడతాను, ముత్తయ్య అని పెట్టాను. ఇప్పటికీ నా సైటులో ఏ లంకె మీద వేలు ఆన్చినా, చిరునామాలో ముందు ముత్తయ్య కనిపిస్తాడు, ఆ తర్వాతే గిన్నె.

తెరిచే ముందు అత్త ప్రతి లంకెనూ తన వేలితో నొక్కి చూస్తానంది. “నేను పోయి చూడకుంట ఎవరిని పంపిన్నే ఇన్నాళ్ళు?” అని నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలి చివర చీరకొంగుతో తుడుచుకుని, ఒక్కొక్కటే నొక్కింది. వచ్చిన వస్తువు బొమ్మను పెద్దది చేయించి అంచు చూసింది, పిడి చూసింది, బరువు చదివించుకుంది. కొన్నిటికి “ఇది వద్దు, పిడి ఊడుతది” అంది, తీసేశాను. బాగున్నవాటికి తలూపేది. మధ్యలో కొనేవాళ్ళు వస్తే వాళ్ళను కూడా కూర్చోబెట్టి చూపించింది. పని పూర్తయిన సాయంత్రం ముత్తయ్యకు కూడా చూపించాం. తన పేరు తెరమీద చూసుకుని, ఆయన భుజం మీది తువ్వాలుతో తెర తుడిచి మళ్ళీ చూసుకున్నాడు. మర్నాటి నుంచి హోటల్‌కు వచ్చిన ప్రతివాడికీ, “దునియా అంత నా హోటల్ మీదికెళ్ళే పోతున్నదట, తెలుసా?” అని చెప్పి చాయ్ పోశాడు.

కొన్నాళ్ళకు శారద గొంతు రికార్డు చేసి పంపింది. గిన్నె అందిందట, ఆ ఆదివారం ఇడ్లీలు పొంగాయట. చివర్లో కొంచెం సిగ్గుపడుతూ, “సరోజనత్త అంటే ఏదో అమ్ముకోవడానికి పెట్టుకున్న ఉత్తుత్తి పేరనుకున్న. మూటకు కట్టిన చీరముక్క చూసినంక నమ్మిన. నాన్‌స్టిక్ పెనం మంచిదేనా, జర అత్తను అడిగి చెప్తరా?” అంది. అత్త ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, వరంగల్‌కు నేరుగా వినిపించాలన్నట్టు గట్టిగా జవాబిచ్చింది: “ముందుగాల నీ ఇంట్ల ఏమున్నయో చెప్పు బిడ్డా. ఇనుప పెనం ఉంటే అదే వాడుకో, ఎట్ల చెయ్యాల్నో నేను చెప్త. కొనకు.” నేను పక్కన నిలబడి తల పట్టుకున్నాను, ఆ వారమే నాన్‌స్టిక్ పెనానికి లంకె పెట్టి ఉన్నాను మరి. అది తీసేసి, ఇనుప పెనం ఉన్నవాళ్ళు కొత్తది కొనకండి అని ఒక పేజీ రాశాను. అందులో ఒక్క లంకె కూడా లేదు. నా సైటులో జనం అన్నిటికన్నా ఎక్కువగా చదివేది అదే. అత్త పేరు తీసేసే మాట మళ్ళీ మా మధ్య రాలేదు.

పెళ్ళయి నేను జగదల్‌పూర్ వచ్చాక కూడా మధ్యాహ్నం ఫోన్లో చదివి వినిపించడం ఆగలేదు. ఇక్కడి దుకాణాల గురించి కూడా రాయమంది. బైలదిల్లా గనుల కాలనీల్లో బోలెడంత మంది తెలుగువాళ్ళున్నారు, వాళ్ళు సామానుకు ఈ బజారుకే వస్తారు కదా అంది. నేను తిరిగి చూసి నచ్చిన దుకాణాల పేర్లతో ఒక పేజీ పెట్టాను. ఈ దుకాణాల నుంచి నాకేమీ రాదు అని కూడా రాశాను. అత్త ఒక్క వాక్యం చేర్చమంది, నా పేరు చెప్పమను అని. “ఈడ నిన్నెవరు ఎరుగుతరు అత్తా, చెప్పినా ధర తగ్గదు” అన్నాను. “ధరకు కాదే. నా పేరు జెప్తే, రేపు ఏమన్న అయితే ఎవరిని అడగాల్నో వాళ్ళకు తెలుస్తది” అంది. చేర్చాను.

కిందటేడు ఎండాకాలంలో సరోజనత్త పోయింది. దుకాణం తీసి ఉంది, పీట మీద కూర్చుని ఉంది, ఎవరికో ఏదో ఎక్కడ దొరుకుతుందో చెబుతూ ఉందట. బాధ పడలేదు. నేనే చాలారోజులు బాధపడ్డాను. ఆమె లేకుండా ఆమె పేరుతో మనుషులను పంపవచ్చా అనే ప్రశ్న నన్ను వదల్లేదు. రేపు ఏమన్నా అయితే ఎవరిని అడుగుతారు? పేరు మార్చడానికి రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ చెయ్యి రాలేదు. అప్పటినుంచే నెల మొదట్లో ప్రతి లంకెనూ నా వేలితో నొక్కి, వచ్చిన గిన్నె అంచు చూసి, పిడి చూసి, బరువు చదివి మరీ ఉంచుతున్నాను. ప్రతి ఉత్తరానికీ నేనే జవాబిస్తున్నాను. అయినా మనసులో ఏదో ఒక మూల ఆ పేరు నాది కాదన్న జంకు ఉండేది.

మొన్న ఇక్కడి గోల్ బజార్‌లో పాలగిన్నె కొందామని, నా పేజీలో ఉన్న దుకాణాల్లో ఒకదానికే వెళ్ళాను. నా పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది, చంకలో పిల్లాడు, చేతిలో గనుల ఊరు కిరందుల్ నుంచి వచ్చిన బస్సు టికెట్టు. వచ్చీరాని హిందీలో దుకాణదారుతో, సరోజనత్తా నే భేజా, మోటా కడాయి దిఖావో అని, అత్త పంపిందనీ మందం కడాయి చూపించమనీ అడిగింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, “కౌన్ సరోజనా?” అని అడిగాడు. ఆ అమ్మాయి తడబడింది, హిందీ మాట దొరకలేదు కాబోలు. పిల్లాణ్ణి ఇంకో చంకకు మార్చుకుని, గట్టిగా, “మేరీ అత్తా. హమారీ అత్తా హై” అంది. దుకాణదారు ఇంకేమీ అడగలేదు. స్టూలెక్కి, వెనుక వరసలో ఉన్న బరువైన కడాయి దించాడు. నేను కళ్ళార్పకుండా చూస్తున్నట్టున్నాను, ఆ అమ్మాయి నా వైపు తిరిగి నవ్వింది. “తెలుగువాళ్ళాండీ? మీకూ సరోజనత్త తెలుసా?”

“తెలుసు” అన్నాను. “నన్నూ ఆవిడే పంపింది.”